కదలని సీట్లు

సీటు కదిలితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆటో ఎక్కినా, బస్సెక్కినా, పెళ్ళివారు కుర్చీ వేసినా ముందు చేత్తో పట్టుకుని ఒకసారి ఊపి చూస్తాను. కిర్రుమందా, ఆ పని చేసినవాణ్ణి మనసులో నాలుగు తిట్టుకుని గానీ కూర్చోను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. పని తెలిసినవాడి లక్షణం అని నేనంటాను. ఇప్పుడైతే అలా అనడానికి నోరు రావడం లేదు.

పెళ్ళికి ముందు నాలుగేళ్ళు గుడివాడలో బస్సు సీట్లు చేసే షాపులో పని నేర్చుకున్నాను. అక్కడి మాస్టారు చండశాసనుడు. సీటు పూర్తయ్యాక దాని మీద కాలు పెట్టి ఊపేవాడు. వెంట్రుకవాసి కదిలినా కొత్త రెక్సిన్ని పరపరా చింపి మా మొహాన కొట్టేవాడు. ఇంకో పరీక్ష కూడా ఉండేది. సీటు చుట్టూ వేలు పెట్టి తడిమేవాడు. ఎక్కడైనా వేలు దూరిందో, అయిపోయామన్నమాటే. జనం ఆ సందులో టిక్కెట్లు, బత్తాయి తొక్కలు, వక్కపొడి కాగితాలు కుక్కుతారు, ఏడాది తిరక్కుండా సీటు కంపు కొడుతుంది, అందుకని సందన్నదే ఉండకూడదు అనేవాడు. ఆ మాట నా వేళ్ళకి పట్టేసింది. బందరులో సొంత షాపు పెట్టుకున్నాక ఎన్ని ఆటోలకీ ట్రాక్టర్లకీ సీట్లు చేశానో నాకే తెలియదు గానీ, సీటు కదులుతోందని తిరిగొచ్చినవాడు ఒక్కడు లేడు.

నాగాయలంకలో రొయ్యల చెరువులున్న ఒక ఆసామి రెండేళ్ళ కిందట పాత బోటు ఒకటి కొన్నాడు. సెలవులకి వచ్చిన జనాన్ని ఎక్కించుకుని, మడ అడవుల పక్కగా తీసుకెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించి తీసుకొస్తారు. ఆ బోటు సీట్లు పాడైపోయాయని, కొత్తగా వేయాలని ఫోన్ చేశాడు. బోటు పని ఎప్పుడూ చేయలేదండీ అన్నాను. నీళ్ళ మీద తిరిగే బండే కదా మాస్టారూ అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అనుకోవడమే కాదు, లోపల కాస్త పొంగిపోయాను కూడా.

వెళ్ళి చూస్తే సీట్లు కావవి, రోత. ఎండకీ ఉప్పుగాలికీ రెక్సిన్ అప్పడంలా పగిలిపోయింది. లోపల ఫోమ్ నీళ్ళు తాగి, నొక్కితే పుల్లటి వాసనతో చెమ్మ ఊరుతోంది. మేకులన్నీ తుప్పు. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు చెక్కపెట్టెలు. పెట్టె మీది మూతే సీటు. మూతల మడతబందులు తుప్పు పట్టి వదులైపోయి, బోటు కాస్త ఊగితే చాలు ఆరు మూతలూ టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడుకి నా పళ్ళు పులిశాయి.

మూడు రోజులు రేవులోనే టార్పాలిన్ కట్టుకుని పని చేశాను. బోటు నడిపే సరంగు నాకు తోడుండేవాడు. నలభై ఏళ్ళుంటాయి, మంచి మాటకారి. మొదటి రోజు మధ్యాహ్నానికల్లా నన్ను బావా అనడం మొదలుపెట్టాడు. పెట్టెల్లోంచి లైఫ్ జాకెట్లు తీసి గట్టు మీద కుప్పేసింది అతనే. రెండో రోజు పొద్దున అతను డీజిల్ కోసం వెళ్ళినప్పుడు, కాళ్ళకి అడ్డం పడుతున్నాయని వాటిని దులిపి, మడిచి, మళ్ళీ పెట్టెల్లో సర్దేశాను. తిరిగొచ్చి జాకెట్లేవి బావా అన్నాడు. లోపలే పెట్టానన్నాను. సరే అన్నాడు.

ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం ఇది. వదులు బందులు పీకి నీళ్ళలోకి విసిరేశాను. కొత్త ప్లైవుడ్ మూతల్ని పెట్టెలకి స్టీలు స్క్రూలతో బిగించాను. ఒక్కో పెట్టెకి పద్దెనిమిది. పైన మందపు ఫోమ్, దాని మీద నీలం రెక్సిన్ లాగి, అంచులు పెట్టె పక్కలకి మడిచి, పిన్నులు కొట్టి, పిన్నులు కనబడకుండా చుట్టూ తెల్ల బీడింగు పట్టీ వేశాను. చుట్టూ వేలితో తడిమి చూసుకున్నాను. వేలు కాదు, గోరు కూడా దూరలేదు. సరంగు ఎక్కి, సీటు పట్టుకుని ఊపి, అబ్బా, బండరాయిలా ఉంది బావా అన్నాడు. ఆ మాటకి నా కడుపు నిండిపోయింది. మూత తెరిచేదెలాగ అని అతను అడగలేదు. నాకూ తట్టలేదు. నా సర్వీసులో సీటన్నది తెరుచుకునే వస్తువు కాదు.

ఆదివారం మొదటి ట్రిప్పు అనుకున్నారు. ఆసామి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందట. కొత్త బండి కొన్నా, కొత్త మంచం చేయించినా, చేసినవాడి ఇల్లాలు ముందు కూర్చోవాలి. వాళ్ళమ్మగారు పెట్టిన పద్ధతి, తప్పడానికి వీల్లేదు, మీ ఇంటావిడని తీసుకురండి అని ఫోన్లో ఒకటే పట్టు పట్టాడు.

మా ఆవిడని బోటెక్కించడమంటే మాటలా? మా అత్తగారిది దివిసీమే. ఉప్పెన రోజు ఆవిడ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. రెండో చేత్తో పట్టుకున్న తమ్ముడు జారిపోయాడు. ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు గానీ, కూతుళ్ళని కాలవ గట్టుకి కూడా పోనివ్వకుండా పెంచింది. మా ఆవిడ మంగినపూడి బీచికి వచ్చినా తడి ఇసక తగిలితే ఆగిపోతుంది. నేను రెండు రోజులు ఆవిణ్ణి ఏడిపించాను. పిరికిదానివన్నాను. నీ మొగుడి పని మీద నీకే నమ్మకం లేకపోతే ఊళ్ళోవాళ్ళకేముంటుంది అన్నాను. చివరికి ఆ మాటే పని చేసింది.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి మధ్యాహ్నానికి నాగాయలంక చేరాం. రేవులో సరంగు బోటుకి బంతిపూలు కట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మా ఆవిడ కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. విజయవాడ నుంచి వచ్చిన జనం ఇరవైమంది దాకా ఉన్నారు. చోటు సరిగ్గా సరిపోయింది. నా చోటు కర్ర పట్టుకున్న ఒక పెద్దాయనకి ఇచ్చి గట్టు మీదే ఉండిపోయాను. నిజం చెప్పొద్దూ, నా సీట్ల మీద జనం కూర్చుంటే దూరం నుంచి చూసుకోవాలని కూడా ఉంది.

మా ఆవిడ నీళ్ళలో పడిపోతాయేమోనని ఫోనూ, హ్యాండుబ్యాగూ నా చేతికిచ్చింది. ఎక్కేముందు నా మొహంలోకి చూసింది.

"మీరు బిగించిన సీటే కదండీ. ఇంకేం భయం" అంది, నాకంటే తనకే చెప్పుకుంటున్నట్టు.

ముందు సీటులో ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఇంజను అందుకుంది. తాడు విప్పారు. బోటు గట్టు వదిలి నాలుగు బారలు వెళ్ళిందో లేదో, ఒడిలో పాపనెత్తుకున్న ఒకావిడ సరంగుని జాకెట్ల సంగతి అడిగింది. సరంగు నవ్వుతూ పక్కనున్న సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, ఇక్కడే ఉన్నాయమ్మా, కావాలంటే మూత తీయడమే అన్నాడు.

గట్టు అంచుదాకా పరిగెత్తాను.

ఆగమని అరిచాను. అప్పటికే సరంగు వేగం పెంచేశాడు, ఆ ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. రెండు చేతులూ పైకెత్తి, వెనక్కి రండి, వెనక్కి రండి అని ఊపాను. మా ఆవిడ చూసింది. సీటు అంచు వదలకుండా ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, నవ్వుతూ తనూ ఊపింది. నేను ఇంకా గట్టిగా ఊపాను. తనూ ఇంకా గట్టిగా ఊపింది. పక్కనున్న పిల్లలు కూడా అందుకున్నారు. బోటు బోటంతా నాకు టాటా చెబుతూ వెళ్ళిపోయింది.

సరంగుకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఎనిమిది సార్లు చేశాను. ఆ మోతలో ఎవడికి వినబడుతుంది? ఆసామికి చేశాను. ఆయన కృత్తివెన్నులో ఎవరివో చెరువులు చూడ్డానికి వెళ్ళాడు. సిగ్గు విడిచి మొత్తం చెప్పాను. మూతలు బిగించేశానండీ, జాకెట్లు లోపల ఉండిపోయాయండీ, తెరవడం అవ్వదండీ అని. ఆయన హాయిగా నవ్వాడు.

"రెండేళ్ళలో ఆ మూతలు తీసిన పాపాన ఎవడూ పోలేదు మాస్టారూ. మీరు కంగారు పడి నన్ను కంగారు పెట్టకండి" అన్నాడు. మా ఆవిడ కూర్చుందా లేదా అని అడిగి, కూర్చుందంటే సంతోషించి ఫోన్ పెట్టేశాడు.

రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన పడవకి ఇంజనుంది. కాస్త వాళ్ళ వెనక వెళ్దాం తాతా అని బతిమాలాను. ఇంజను పాడై వారమైందన్నాడు. నా గొడవంతా విని, మేం పుట్టిన దగ్గర్నుంచీ జాకెట్లు లేకుండానే సముద్రంలోకి పోతున్నాం కదయ్యా అన్నాడు ఎంతో దయగా. నీకు ఈత వచ్చు తాతా, మా ఆవిడకి రాదు అన్నాను. ఆయన వల కిందపెట్టి నా వంక ఒకసారి చూశాడు.

బోటు మడ చెట్ల మలుపు తిరిగి కనబడకుండా పోయింది. సముద్రం వైపు నుంచి గాలి లేచింది. రోజూ ఆ వేళకి లేచే గాలే అని అందరూ అన్నారు. నేను గట్టు మీద కూలబడ్డాను. పక్కనే, ఎక్కడికెళ్ళినా వెంట ఉండే నా పనిముట్ల సంచి. అందులో స్క్రూడ్రైవరుంది, సుత్తి ఉంది, రెక్సిన్ కోసే కత్తి ఉంది. అక్కడ ఇరవైమంది చేతుల్లో గాజులూ, సెల్‌ఫోన్లూ తప్ప ఏమీ లేవు. ఒక స్క్రూ విప్పడానికి నాకే అర నిమిషం పడుతుంది. పద్దెనిమిది స్క్రూలకి తొమ్మిది నిమిషాలు. ముందు బీడింగు పీకాలి, పిన్నులు లాగాలి. గోళ్ళతో లాగుతారా? నేను గోరు కూడా దూరకుండా చేశానే! ఆ మాట తలుచుకున్న కొద్దీ నా వేళ్ళు నేనే నరుక్కోవాలనిపించింది.

ప్రభువా అన్నాను. ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. గాలి ఆపమని అడగాలా, నా స్క్రూలు ఊడగొట్టమని అడగాలా? ఒడిలో ఆవిడ బ్యాగు. అందులోంచి చర్చికి పెట్టుకెళ్ళిన మల్లెపూల వాసన వస్తోంది. నన్ను నేను బండబూతులు తిట్టుకున్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

గంటలో రావాల్సిన బోటు గంటన్నరకి వచ్చింది. డాల్ఫిన్లు కనబడ్డాయని ఆపారట.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిగింది. ఆ మొహం అలా వెలగడం మా పెళ్ళయ్యాక నేను చూడలేదు. అంత నీళ్ళు చూశానండీ, భయమే వెయ్యలేదు, బోటు ఊగింది గానీ సీటు ఇంత కూడా కదల్లేదు, అందరూ మిమ్మల్నే మెచ్చుకున్నారు అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. నేను సంచి తీసుకుని బోటులోకి దూకాను.

కత్తి పెట్టి ముందు సీటు రెక్సిన్ ఈ చివర్నుంచి ఆ చివరికి కోసేశాను. సరంగు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో ట్రిప్పు జనం అప్పటికే ఎక్కుతున్నారు. ఏంటి బావా, నీకేమైనా పట్టిందా అన్నాడు. చెప్పాను. అతని మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. వెనక నుంచి జనం, పొద్దుగూకిపోతుంది, త్వరగా కానివ్వండి అంటూ కేకలు మొదలుపెట్టారు. ఆసామి ఫోన్. సరంగు విని నాకందించాడు. ఈ ఒక్క ట్రిప్పూ అవనివ్వండి మాస్టారూ, రేపు తీరిగ్గా విప్పుకుందురు గానీ అన్నాడు ఆయన.

నేను విప్పుతూనే ఉన్నాను. సుత్తి వెనకభాగంతో ప్లైవుడ్ ఎత్తి, విరగ్గొట్టి, రెండు పెట్టెలు తెరిచేసరికి చేతుల్లో బలం పోయింది. నాలుగు అలాగే ఉన్నాయి. ఈలోగా మా ఆవిడ గట్టు మీద నుంచి నన్నే చూస్తోంది. దిగి పక్కకి వెళ్ళాను. ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది.

"నేను ఎక్కినప్పుడు మీకు తెలుసా?"

"తెలీదు. బోటు కదిలాక తెలిసింది."

"మరి అలా చేతులూపారేం?"

"వెనక్కి రమ్మని."

ఆవిడ చెంగుతో మెడ తుడుచుకుంది. ఎక్కుతున్న వాళ్ళకైనా చెప్పండి అంది.

చెప్పాను. బయటికి తీసిన జాకెట్లు ఉన్నంతవరకూ ఒక్కొక్కరి చేతికిచ్చి, దండం పెట్టి, తొడుక్కోండమ్మా, తొడుక్కోండి బాబూ అన్నాను. చెమట వాసనని ఒకాయన ముక్కు మూసుకున్నాడు. ఫోటోల్లో చీర కనబడదని ఒకావిడ అంది. కాదన్నవాళ్ళు మాత్రం లేరు, అందరూ మర్యాదగా తీసుకున్నారు. ఆ రెండు పెట్టెల మీదా నా రెక్సిన్ చిరిగి, ప్లైవుడ్ విరిగి, స్క్రూలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. గుచ్చుకుంటాయని వాటి మీద ఆ జాకెట్లు పరుచుకుని కూర్చున్నారు. ఒక తల్లి రెండు జాకెట్లు ఒకదాని మీద ఒకటి వేసి, నీళ్ళు బాగా కనబడతాయని నాలుగేళ్ళ పిల్లని ఆ పైన కూర్చోబెట్టింది.

సరంగు నా వైపు చూడకుండా తాడు విప్పాడు.