తెల్లదుప్పటి అంచు

నిరుడు ఇక్కడ గల్ఫ్‌లో హాలోవీన్ పార్టీకని ఆఫీసు మిత్రులతో అల్ వక్రా మెట్రో ఎక్కాను. ముఖానికి తెల్లరంగు, ఒంటికి తెల్లదుప్పటి చుట్టుకున్నాను. నాది శవం వేషం. పెద్దవాళ్ళమై ఉండీ పిల్లల్లా ఒకరినొకరు జడిపించుకుని నవ్వుకుంటున్నాం.

నా దుప్పటి అంచు నేలమీద జీరాడుతోంది. అంతవరకూ ఫోన్లో తెలుగు మాట్లాడుతున్న పక్కసీటు పెద్దాయన వంగి, దాన్ని రెండు చేతులా ఎత్తి, దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టాడు.

"థాంక్సన్నా," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "తెలుగోనివా తమ్మీ? ఏమనుకోకు. పొద్దుగాల మా రూమోన్ని గిట్లనే తెల్లబట్టల సుట్టి ఊరికి తోలినం. అంచు కిందవడుతుంటే చెయ్యి ఆగలే."

ఆయన దిగిపోయాక దుప్పటి తీసి మడిచి, ముఖం తుడుచుకున్నాను. పార్టీలో వేషమేదని అడిగినవాళ్ళకు, ఉక్కపోస్తుంటే తీసేశానని చెప్పాను.