అబ్రహాం గారికి దొరికిన ఒకే ఒక్క కార్బైను

ఇనప గొట్టం కంటబడితే చాలు, అది పాత ఫ్రెంచి సైన్యం కార్బైనేమో చూసుకోకుండా కూకట్‌పల్లి అబ్రహాం గారు అడుగు ముందుకు వెయ్యరు. కార్బైనంటే గుర్రం మీది సిపాయి వాడే పొట్టి తుపాకి. అది మనకెందుకని మీరనుకోవచ్చు. ఆయన భార్య విమలమ్మ కూడా పెళ్లయిన మొదటి వారం అలాగే అనుకుంది.

ఇరవై ఏళ్లుగా సేకరిస్తున్నారు, ఇంట్లో ఒక్కటీ లేదు. కారణం ఆయనే. ఎవరింట్లోనో పాత తుపాకి ఉందంటే పరుగెత్తుకెళ్లి, విమలమ్మ ముఖానికి రాసుకునే పౌడరు గొట్టం మీద రుద్దుతారు. అరిగిన ముద్రలు తెల్లగా తేలతాయి. ఏ కార్ఖానాలో ఏ ఏడు పుట్టిందో చదివి, "ఇది కాదండి" అంటారు. ఆ ఒక్క మాట చెప్పడానికి మూడు గంటలు పడుతుంది. పౌడరు డబ్బా మాత్రం ఖాళీగా ఇంటికొస్తుంది.

మేనల్లుడు జాషువా పనిచేసే కంపెనీ హైటెక్ సిటీలో కొత్త ఆఫీసు తెరిచినప్పుడు, దాని యజమాని అద్దాల పెట్టెలో ఫ్రెంచి తుపాకి ఒకటి పెట్టి అందరికీ చూపిస్తున్నాడు. అబ్రహాం గారు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, అది సినిమా వాళ్ల చెక్క తుపాకి అని, మేకులు మొన్నమొన్నటివని మైకు పక్కనే నిలబడి చెప్పారు. జాషువా ఆర్నెల్లు మామయ్య ఇంటి ఛాయలకు రాలేదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. నార్సింగిలో ధర్నా టెంటు నడిపే లింగమూర్తి, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ అబ్రహాం గారితో పదేళ్లు బాలానగర్ లేతు షాపులో పనిచేసినవాడు. వాడు పాత ఇల్లు పడగొట్టిస్తుంటే గోడలోంచి మైనపు గుడ్డలో చుట్టిన తుపాకి పడింది. ఎవరో పోలీసులకు చెప్పారు. ఉద్యమం మనిషి ఇంట్లో తుపాకి అంటే మాటలా. లింగమూర్తి స్టేషన్ నుంచే అబ్రహాం గారికి ఫోన్ చేశాడు.

"సారూ, జర జల్ది రా. మీ ఆంధ్రోళ్లకు మా భూములైనయి, ఇగ మా తుపాకులు గూడ నువ్వే చూస్కో."

అబ్రహాం గారు స్కూటర్ మీద పెళ్లికొడుకులా వెళ్లారు. వెనక కూర్చున్న విమలమ్మ దారంతా లింగమూర్తి కోసం ప్రార్థన చేస్తూనే ఉంది. స్టేషన్ మెట్ల మీద వాడి తల్లి పోచమ్మ కూర్చుని ఉంది. రజాకార్ల కాలంలో తన మొగుడు ఆ గోడ అంత లావుగా ఎందుకు కట్టాడో ఇవాళ తెలిసిందని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

నిజానికి ఎస్సై గారికీ కేసు ఇష్టం లేదు. లింగమూర్తిని లోపలేస్తే టెంటు మొత్తం తన గుమ్మం ముందుకొస్తుంది. అది పేలదని ఒక్క ముక్క చెబితే వదిలేస్తానన్నారు.

అబ్రహాం గారు పౌడరు రుద్దారు. ఎస్ అక్షరం తేలింది, పక్కన పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిది. ఫ్రాన్సులోని సెయింట్ ఎటియన్ కార్ఖానా. ఆయన ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నది ఇదే. తూటా పెట్టే చోటి పిడి లాగితే వెన్నలా జారింది.

"ఇది పేలుతుందా?" అన్నారు ఎస్సై గారు.

"దివ్యంగా పేలుతుందండి. కాస్త నూనె పెడితే చాలు."

ఎస్సై గారు కలం కింద పెట్టేశారు.

"సారూ," అన్నాడు లింగమూర్తి మెల్లగా, "నువ్వు నన్ను ఇడిపిచ్చనీకొచ్చినవా, లోపలేపియ్యనీకొచ్చినవా?"

విమలమ్మ మొగుడి వీపు గిల్లింది. లాభం లేదని ఆమెకు తెలుసు. అత్తగారు వండిన కూర గురించి కూడా అబద్ధమాడని మనిషి, కార్బైను గురించి ఆడతాడా?

అబ్రహాం గారు తుపాకిని చూశారు. మెట్ల మీది పోచమ్మను చూశారు. మళ్లీ తుపాకిని చూశారు. పేలకుండా చేస్తే పనికొస్తుందా అని అడిగారు. పాత ఇనుమని రాసుకునేలా ఉంటే చాలన్నారు ఎస్సై గారు.

"రంపం బ్లేడు ఉందాండి?"

పరాయి తుపాకి మీది తుప్పును ఎవరైనా తుడవబోయినా చెయ్యి మీద కొట్టే మనిషి, స్టేషన్ నేల మీద కూర్చుని, పాదాల మధ్య కార్బైను బిగించుకుని గొట్టాన్ని రెండుగా కొయ్యడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు పట్టింది. విమలమ్మ పక్కన కూర్చుని గొట్టం కదలకుండా పట్టుకుంది. ఎస్సై గారు "ఇనప ముక్కలు రెండు" అని రాసుకుని, అవి పోచమ్మకే ఇచ్చేశారు.

బయటికొచ్చాక లింగమూర్తి స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని ఆపాడు. "ఇరవయ్యేండ్ల సంది ఎతుకుతున్నదాన్ని నీ చేతుల్తోనే కోస్తివి గదా సారూ."

"దానికి నూట ముప్పై మూడేళ్లు వచ్చాయి లింగమూర్తీ. నీకింకా యాభై కూడా రాలేదు," అన్నారాయన, స్కూటర్ స్టార్ట్ చేస్తూ.

పోచమ్మకు స్నానం నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగాలి. పొడుగు ముక్క ఆమెకు ఊదుగొట్టంగా బాగా కుదిరింది. ఆదివారం చర్చి అవ్వగానే అబ్రహాం గారు నార్సింగి వెళ్లి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటారు. ముద్ర పైకి కనబడేలా పట్టుకోమని బతిమాలుతారు.

పోచమ్మ ఒక్క ఊపు ఊదుతుంది. బూడిదంతా ఆయన ముఖం మీద.

"పొయ్యి అంటుకునే దాక ఊకో బిడ్డా. నీ ఫ్రెంచోళ్ల ముచ్చట చాయ్ తాగుకుంట ఇంటలే."