పగులు మీద గాజుముక్క

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు ఎంత లేపినా లేస్తలేడు బిడ్డా" అంది. నేను మొఘల్‌పురాలో వాళ్లింటికి చేరేసరికి ఆయన పోయి గంట దాటిందని డాక్టరు చెప్పాడు.

మా నాన్నకు అన్న ఆయన. సున్నం పని తెలిసిన మేస్త్రీ. ఎవరింటికి పోయినా ముందు గోడను వేలితో తట్టి వినేవాడు, చాయ్ ఆ తర్వాతే.

మా చర్చి మీలో చాలామంది చూసి ఉండరు. నగరం చుట్టూ కమ్ముకోకముందు అది ఒక చిన్న ఊరి చర్చి. మూడడుగుల మందం రాతి గోడలు, గానుగలో నూరిన డంగు సున్నం, బలిపీఠం ముందు మొనదేలిన పెద్ద కమాను. "మసీదు కమాను లెక్కుందేంది?" అని కొత్తవాళ్లు అడిగితే పెద్దబాపు నవ్వేవాడు. "కట్టినోనికి ఏది చాతనైతే అది కట్టిండు. దేవుడేమన్న నక్షా అడిగిండా?"

రెండేళ్ల కింద వానలు మొదలవగానే ఆ కమాను పగిలింది. చూడవచ్చిన ఇంజినీరు మొత్తం కూలగొట్టి కాంక్రీటుతో కట్టుకోమన్నాడు. సంఘం పెద్దల్లో నేనూ ఒకణ్ని. పూజప్పుడు పిల్లలు కూర్చునేది సరిగ్గా ఆ కమాను కిందే. కూల్చడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాను.

ఆ సాయంత్రమే పెద్దబాపు మా ఇంటికి వచ్చాడు. ఈసారి గోడ తట్టలేదు. గడపలోనే నిలబడ్డాడు.

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన పెద్దబాపు. రేపు ఎవలి మీదన్న పడితే జవాబు ఎవలు చెప్తరు?"

"పడది. మనోళ్లే దానికి సిమెంటు పూసి గాలాడకుండ చేసిండ్రు. నీళ్లు లోపల్నే ఉండి సున్నాన్ని తిన్నయి. ఈ వానలు పొయ్యేదాక నాకు మోకా ఇయ్యుండ్రి."

ఫాదర్ ఒప్పుకున్నారు. చర్చికి తాళం పడింది, పూజ ముంగిట్లో రేకుల కిందికి మారింది. పెద్దబాపు కమానుకు కర్రలు ఊతం పెట్టి, సిమెంటంతా చెక్కి, పగులును కడిగి, కరక్కాయ నీళ్లూ బెల్లం కలిపిన సున్నంతో నింపాడు. పగులుకు అడ్డంగా మూడు పల్చటి గాజుముక్కలు అంటించాడు. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. రోజూ పొద్దున్నే వచ్చి టార్చి వేసి చూసుకునేవాడు. నాతో మాత్రం మాట్లాడేవాడు కాదు.

పన్నెండో రోజు నడిమి గాజు విరిగింది. నేనే ముందు చూశాను. ఆయన్ని పిలిచి చూపించాను.

"చెప్పిన కదా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

ఆయన పలుగు తీసుకుని చర్చి వెనక్కి వెళ్లి గోడ మొదట్లో తవ్వాడు. మోచేతి లోతులో అంతా బురద. పక్కింటి కప్పు మీది నీళ్లన్నీ మా పునాదిలోకే దిగుతున్నాయి. పక్కింటివాళ్లను బతిమాలి ఆ పైపు మళ్లించాడు. నడిమి చోట కొత్త గాజు అంటించి మళ్లీ కాపలా మొదలుపెట్టాడు.

వానలు పోయాక ఊతాలు తీసే రోజు వచ్చింది. కూలీలు కింది కర్రలన్నీ వదులు చేశాక అందర్నీ బయటికి పంపేశాడు.

"నువ్వు గూడ పో."

"పోను."

"నా మాట ఇనవా?"

"పడదన్నవు కదా పెద్దబాపు."

నా ముఖంలోకి ఒక క్షణం చూసి సుత్తి ఎత్తాడు. ఒక్కో కర్రా వాలుతుంటే పైన ఎక్కడో కిర్రుమంది. సున్నం పొడి మా తలల మీద రాలింది. ఆయన నా భుజం గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో ఆఖరి కర్రను కొట్టాడు. అది నేల మీద పడ్డ చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. తలెత్తి చూస్తే మూడు గాజులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఇగ ఊపిరి తీస్కో" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కనాడు కూడా నా సంతకం సంగతి ఎత్తలేదు. నేను క్షమించమని అడగబోయిన రెండుసార్లూ మాట మార్చాడు.

బుధవారం ఆయన పెట్టెను ఆ కమాను కిందే ఉంచాం. ఫాదర్ ప్రార్థన అందుకున్నారో లేదో పెద్ద వాన మొదలైంది. కప్పు మీద దబదబా పడుతుంటే చర్చిలో ఉన్న అందరి తలలూ ఒక్కసారిగా కమాను వైపు లేచాయి. నాది కూడా. ఆయనొక్కడే కళ్లు మూసుకుని పడుకున్నాడు.