ఉతికిన డాలరు

నా చిన్నప్పుడు పామిడిలో మా ఇంటి గోడకు ఆనుకొని ఒక దర్జీ అంగడి ఉండేది. దాన్ని నడిపే సాయిబును మేము పక్కింటి మామ అనేవాళ్లం. ఆయనకు పాత నాణేలంటే ప్రాణం. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక కుట్టుమిషను మీద మఖమలు ముక్క పరిచి, నాణేలన్నీ పేర్చి చూసుకునేవాడు. తొమ్మిదేళ్ల నాకు ఆయన పక్కన కూర్చునే హక్కు ఉండేది.

గుడ్డలతో బతికిన మనిషి కదా, నాణేలనూ గుడ్డల్లాగే మూడు రకాలుగా విడదీసేవాడు. చేతులు మారనిది కోరా, అంటే ఇంకా నీళ్లు తగలని కొత్త గుడ్డ. వాడకంలో అరిగింది కట్టిన గుడ్డ. ఎవరో మెరుపు కోసం తోమింది ఉతికిన గుడ్డ. అరిగిన వాటి మీద ఆయనకు గౌరవమే. ఉతికిన వాటిని మాత్రం విడిగా ఒక చిన్న సంచిలో వేసేవాడు. కోరా గుడ్డ ఒక్కసారి నీళ్లలో పడితే ఆ నిగారింపు మళ్లీ రాదనీ, నాణెం కూడా అంతేననీ నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఆయన నాణేల్లో ఒక అమెరికా వెండి డాలరు ఉండేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బెంగళూరులో అమెరికా సైనికులకు వంట చేసిన ఆయన తమ్ముడికి ఒక సైనికుడు ఇచ్చిపోయినదట. ఒక పక్క ఆడమనిషి తల, ఇంకో పక్క రెక్కలు చాచిన గద్ద. మామ భూతద్దం నా చేతికిచ్చి, "ఆయమ్మ చెవి మీద వెంట్రుకలు చూడు పాపా, మొదట అరిగేది ఆడనే. ఆ తర్వాత గద్ద రొమ్ము" అని నేర్పాడు. ఆ రెండు చోట్లా ఏమీ అరగలేదు. "దీని మీద ఉండే ఏడువి దండిగా అచ్చేసినారు. అరుదైందేం కాదు. కోరాగా ఉండాది కాబట్టే దీనికింత మర్యాద" అనేవాడు.

ఆ డాలరు మీద ఆయన ఒక ఆశ పెట్టుకున్నాడు. ఆయన తండ్రి ఏనుగు బొమ్మ ఉన్న పాత రాగి నాణేన్ని మెడలో తాయెత్తులా కట్టుకునేవాడట. ఆయన పోయినప్పుడు అది కూడా ఎక్కడో పోయింది. అలాంటిదే బళ్లారిలో నాణేలు పోగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఉంది. డాలరు కోరాగా ఉంటే బదులుగా ఏనుగు నాణెం ఇస్తానని, ఆదివారం వచ్చి చూస్తానని ఆ పెద్దాయన కబురు పంపాడు.

శుక్రవారం నేను, మా అవ్వకు చూపిస్తానని బతిమాలి డాలరును ఇంటికి తెచ్చుకున్నాను. మరునాడు మా అమ్మ ఉగాది కోసం ఇత్తడి, వెండి సామానంతా పెరట్లో పెట్టుకొని తోముతోంది. డాలరు అంచున, అక్షరాల సందుల్లో నల్లగా ఉంది. అంత దూరం నుంచి వచ్చే పెద్దమనిషికి మాసిన వస్తువు చూపించడమేమిటి అనిపించింది. అమ్మ పక్కనే కూర్చొని చింతపండు, బూడిద పెట్టి తోమి, ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుంచి తెచ్చిన నీళ్లతో కడిగాను. తళతళలాడింది. ఆ సంతోషం ఎండలో తిప్పి చూసేదాకానే. ఆయమ్మ బుగ్గ నిండా సన్నని గీతలు. అప్పుడు గుర్తొచ్చింది మామ దగ్గరి చిన్న సంచి.

గీతలు కప్పడానికి దీపం మసి పూశాను. పొయ్యి పొగలో పట్టాను. తుడిస్తే నలుపు పోయింది, గీతలు పోలేదు. అన్నం సహించలేదు. అమ్మ నుదురు పట్టి చూసి, దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆదివారం పొద్దున్నే డాలరును తీసుకెళ్లి మిషను మీద పెట్టాను. తోమిన సంగతి చెప్పకుండా చేతులు వెనక్కి పెట్టుకోబోయాను. మామ భూతద్దం తియ్యనే లేదు. నాణేన్ని ఒకసారి తిప్పి, నా గోళ్లలో ఇరుక్కున్న మసి వైపు చూసి, మఖమలు పరిచి దాని మీద పెట్టాడు.

బళ్లారి పెద్దాయన వచ్చాడు. అంగడిలో వెలుతురు తక్కువ. డాలరును కళ్ల దగ్గర పెట్టుకొని, "ఏమప్పా సాయిబూ, నిన్న మొన్న అచ్చేసినట్టుండాది గదా!" అంటూ జేబులోంచి ఏనుగు నాణెం తీసి మఖమలు మీద పెట్టాడు. మామ చెయ్యి చాపితే చాలు, అది ఆయనదే. గుమ్మం పట్టుకొని నిలబడ్డ నేను, మామ ఏమీ మాట్లాడకుంటే బాగుండునని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతున్నాను.

మామ ఏనుగును చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. "ఎండలోకి తీసుకపోయి చూడన్నా. అది ఉతికింది" అన్నాడు.

పెద్దాయన బయటికి వెళ్లి, చూసి, ముఖం ముడుచుకొని వచ్చాడు. "ఎవరప్పా ఈ ఘనకార్యం చేసింది?"

"మా ఇంట్లోవాళ్లే లేన్నా. పండగని తోమినారు."

"ఇప్పుడు మీకేం పండగప్పా?"

"పక్కింట్లో ఉండాది గదా" అని నవ్వాడు మామ.

నాకు ఏడుపు ఆగలేదు. నేనే తోమినానని చెప్పేశాను. "తెలుసులే పాపా. ముందు పోయి అన్నం తిను, నిన్నటి నుంచి తిన్నట్టు లేవు" అన్నాడు. ఏనుగు నాణెం పెద్దాయన జేబులోనే బళ్లారి వెళ్లిపోయింది. అలాంటిది మామకు మళ్లీ దొరకలేదు.

నేను కాలేజీలో చేరడానికి అనంతపురం వస్తున్నప్పుడు మామ ఆ డాలరును చిన్న సంచితో సహా నా చేతిలో పెట్టాడు. "ఇంక తోమద్దు. దాని నలుపు అదే తెచ్చుకుంటాది" అన్నాడు. నిజంగానే అంచులు మళ్లీ నల్లబడ్డాయి. ఎండలో వాల్చి చూస్తే నలుపు కింద గీతలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నా కూతురికి ఏడు నెలలు. పుట్టుకతోనే బుగ్గ మీద గోధుమరంగు మచ్చ ఉంది. చూడవచ్చిన వాళ్లంతా మీగడ, సున్నిపిండి కలిపి గట్టిగా రుద్దితే పోతుందంటారు. పెద్దయ్యాక ఎవరేమంటారో, నా నిర్లక్ష్యం వల్లే మచ్చ మిగిలిపోయిందని నా కూతురే అంటుందేమో అని నాకు ఒకటే దిగులు. పోయిన వారం బుగ్గ కందిపోయేదాకా రుద్దాను. అది గుక్కపట్టి ఏడ్చింది.

ఈరోజు కూడా పిండి తీసుకున్నాను. చెయ్యి బుగ్గ దాకా వెళ్లి ఆగింది. వట్టి నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో అద్ది పడుకోబెట్టాను. దిగులు పోలేదు, రేపూ ఇలాగే ఉంటుంది. అందుకే డాలరు సంచిని తెచ్చి సున్నిపిండి డబ్బాలో, పిండి పైన పెట్టాను. రేపు నా చెయ్యి డబ్బాలోకి వెళితే ముందు అదే తగలాలి.