గుమ్మం ముందు పొగ

హోటళ్ళలో, బార్లలో లోపల సిగరెట్ కాల్చకూడదని చట్టం వచ్చినప్పుడు కాటన్‌పేటలో అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. ముందు మా ఆయన బారు, దాన్ని దాటితే వెనక నా భోజనాల గది. గిరాకీలు వచ్చే వాకిలి మాత్రం ఒకటే. పొగ లేకపోతే ఆడవాళ్ళూ పిల్లలూ ఇంకా వస్తారు, నా సంగటి, నాటుకోడి పులుసు ఇంకా అమ్ముడవుతాయని మా ఆయనతో వాదించాను. ఆయన తల గీరుకున్నాడు, అంతే.

వారం తిరగకముందే భయం పట్టుకుంది. తాగేవాళ్ళు బస్సులో సీటు పట్టినట్టు కుర్చీ మీద చేతిరుమాలు వేసి సిగరెట్ కాల్చడానికి బయటికి నడిచేవాళ్ళు. కొత్తవాళ్ళు తొంగిచూసి, ఆ రుమాళ్ళు చూసి, చోటు లేదనుకుని పోయేవాళ్ళు. లోపల మనుషులు లేరు. మనుషులంతా, పొగంతా గుమ్మం ముందే. దాన్ని చీల్చుకుని నా గదికి ఏ సంసారులు వస్తారు?

సంగటి మిగలడం మొదలైంది. ఈ గది మూతపడితే, ఈ వయసులో ఎవరి పొయ్యి దగ్గర నిలబడాలి?

ఒక సాయంత్రం, ఎప్పుడూ వచ్చే దేవనహళ్ళి ముసలమ్మ కోడలితో వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. నేను గుమ్మంలోకి ఉరికాను.

"దావ ఇడవండప్పా! రైలింజన్ల మాదిరి నిలబడుకోనుండారే!"

"లోపల కాల్చొద్దంటివి, బైట నిలబడొద్దంటావు. యాడికి పోవల్లక్కా?" అన్నాడు ఒక పాత గిరాకీ.

"మీ ఇంటికి పోండి."

"ఆడ నీకన్నా గట్టిది ఉండాదక్కా!"

అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. "పోమంటే పోతాం. పక్క బారాయన మిద్దె మీద మాకని కుర్చీలేసినాడు."

వీళ్ళు పోతే బారు పోతుంది. వీళ్ళు ఇక్కడే నిలబడితే నా గది పోతుంది. లోపలినుంచి మా ఆయన, "సుమ్మనుండవే తల్లీ, ఉన్నోళ్ళనన్నా ఉండనీ" అని నన్నే ఊరుకోమన్నాడు.

ముసలమ్మ రోడ్డు దాటబోతోంది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, వెనక సందులో వంటింటి వాకిలుండాది, అట్ల రా."

అనేశాక గానీ తట్టలేదు. గిరాకీని వంటింట్లోంచి నడిపించే హోటలు ఎక్కడైనా ఉందా? మసి గోడలు, తడి నేల, పొయ్యి పక్క పాత బల్ల, మూల ఈకల బుట్ట. ఆమె ఒక్కో మూత ఎత్తి చూస్తూ నడిచింది. నేను ఆ మూతలు మళ్ళీ పెట్టుకుంటూ వెనకే.

"ఇంత నల్లగుండాదే నీ పొయ్యి!" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "రామ్మా, ఈ బల్ల మీదనే కూర్చుందాం. కండ్ల ముందరే వడ్డిస్తాది."

మర్నాటినుంచి ఆ తలుపు తెరిచే ఉంచాను. సందులోంచి ఎవరు తొంగిచూసినా, వెనక్కి తిరుగుతారేమోనని అడక్కముందే మూతలెత్తి చూపించేదాన్ని.