ఇంకో గొట్టం లోతు

పోయిన ఆదివారం పొద్దున ఓర్వకల్లు నుంచి ఫోన్ వచ్చింది. కర్నూలులో నాకు భూగర్భశాస్త్రం చెప్పిన మేడం నిద్రలోనే పోయారని వాళ్ల తమ్ముడు చెప్పాడు. "ఈ మధ్య అక్క నిన్ను శానా అడుగుతాండె మ్మా," అన్నాడు. అప్పటి నుంచి నాకు కాలేజీ గుర్తు రావడం లేదు. కెన్యా ఉత్తరాన ఒక పల్లెలో, ఎండలో, బోరు లారీ పక్కన నిలబడిన మేడమే కనిపిస్తున్నారు.

మేడం రిటైరయ్యాక, నీళ్ల కోసం పనిచేసే ఒక సంస్థ తరఫున మేమిద్దరం అక్కడికి స్వచ్ఛందంగా వెళ్లాం. కరువు నేల మనకు తెలియనిదా అన్న ధీమాతోనే వెళ్లాం. అయితే ధీమా ఆమెకు ఎక్కువ, అనుమానం నాకు ఎక్కువ. క్లాసులో కూడా జవాబు చెప్పి మళ్లీ వెనక్కి తీసుకునేదాన్ని. అనుమానం ఉంటే ఉండనీ, నోరు తెరిచి చెప్పు, మింగొద్దు అనేవారు మేడం.

బోరు వేసేటప్పుడు ఆమెకో పద్ధతి ఉండేది. పైకొచ్చిన రాతిపొడిని గోనెపట్టా మీద వరసగా కుప్పలు పోయించి, ఒక్కోదాన్నీ వేళ్లతో నలిపి వాసన చూసేవారు. ఆ పల్లెలోనూ అలాగే చేశారు. మధ్యాహ్నానికి నీళ్లు పడ్డాయి. సన్నటి ధార, కానీ తియ్యటి నీళ్లు. ఆడవాళ్లు డబ్బాలతో ముందుకొచ్చారు. మాకు దుబాసీగా ఉన్న బడిపంతులు నవ్వాడు.

మేడం నవ్వలేదు. ఇంకా దించమన్నారు.

మన దగ్గర ఎవరికైనా అదే తోస్తుంది. తడి తగిలితే చాలు, కింద ఇంకా ఉంటుందని ఇంకో గొట్టం, ఇంకో గొట్టం దించుతూ పోతాం. కడప దగ్గర చీనీతోట ఎండిపోతున్నప్పుడు మా నాన్న చేసిందీ అదే. కానీ ఇక్కడ పట్టా మీద చివరి కుప్పల రంగు మారింది. వేలితో నాలుకకు ఆనించి చూస్తే ఉప్పగా తగిలింది.

"మేడం, ఆపుదాం. కింద ఉప్పునీళ్లున్నాయేమో," అన్నాను.

"ఇంత సన్న ధారకు ఊరంతా కాచుకోని ఉండాల్నా? ఇంగ కొంచెం పోనీలే మ్మా."

కాసేపటికి నీళ్లు మనిషెత్తున ఎగజిమ్మాయి. ఒక ముసలామె దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, ఉమ్మేసింది. పైనున్న తియ్యటి నీళ్లు కూడా ఉప్పులో కలిసిపోయాయి. ఎవరూ అరవలేదు. డబ్బాలు కింద పెట్టారంతే. అరిచినా బాగుండేది.

ఇక్కడి రాయే అలాంటిదని ఊరివాళ్లకు చెప్పేద్దామన్నాడు లారీ మనిషి. మేడం ఒప్పుకోలేదు. ఆపమని నేను చెప్పినా తానే వినలేదని, తప్పు తనదని, ఒక్క మాటా తగ్గించకుండా వాళ్ల భాషలో చెప్పమని పంతులును నిలబెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "చదువు ఒకటే తెచ్చినామనుకుంటి. మన ఆశ గూడా ఎంట వచ్చింది," అన్నారు.

అడుగున జిగటమట్టి, సిమెంటు పోసి ఉప్పు పొరను మూశాం. అది నిలుస్తుందో లేదో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. గట్టిపడేదాకా ఆడవాళ్లు మళ్లీ దూరాన వాగులో తవ్విన గుంటకే నడిచారు. మేడం కూడా ఒక డబ్బా తీసుకుని వాళ్ల వెనక నడిచేవారు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. మేం అసలు వెళ్లకపోతేనే వాళ్లకు మేలేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. అయినా ఆ దారిలో ఆమె వీపు చూస్తూ నడవడం వల్లే, ఆ తర్వాత ఇంకో రెండు దేశాలకు వెళ్లగలిగాను.

చేతిపంపు బిగించిన పొద్దున ఊరంతా చుట్టూ నిలబడింది. పంతులు కొట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు బురదే వచ్చింది. తర్వాత సన్నగా, తేటగా ఒక ధార. ముసలామె గిన్నె పట్టి ఒక గుక్క తాగింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. మిగిలింది మేడం చేతికిచ్చింది.

మన వైపు గిన్నె పైకెత్తి పోసుకుంటాం. మేడం పెదాలకే ఆనించుకున్నారు. మింగి, గిన్నె దించకుండా, కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయారు. ముసలామె వెళ్లి తన డబ్బా తెచ్చి, ధార కింద పెట్టింది.