రెబ్కమ్మ టీచర్ ఎక్కించిన బస్సు

ఎండకు కాగిన బస్సు కడ్డీ అరచేతికి చురుక్కుమన్నప్పుడల్లా నాకు రెబ్కమ్మ టీచర్ గుర్తొస్తారు. నిన్న కల్యాణదుర్గంలో బస్సెక్కుతుంటే మళ్లీ అదే జరిగింది. చెయ్యి కాలింది, నవ్వొచ్చింది.

మాది కంబదూరు. నాయన, అమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. నా తమ్ముడు గోపికి చిన్నప్పటి నుంచి బుద్ధి ఎదుగుదల నిదానం. ఇలాంటి పిల్లల కోసం పెట్టిన ఒక బడిలో పద్దెనిమిదేళ్లు నిండేదాకా చదివి ఇంటికొచ్చేశాడు. నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే మరిచిపోతూ పొద్దంతా అరుగు మీద కూర్చునేవాడు. మేమంతా దానికి అలవాటు పడ్డాం. మా వీధిలో ఉండే రెబ్కమ్మ టీచర్ మాత్రం అలవాటు పడలేదు. సర్కారు బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకరోజు చర్చి నుంచి వస్తూ మా వాకిట్లో ఆగారు.

"ఏమ్మా, వీన్ని ఊరికే కూర్చోబెట్టినారే?"

"బడి అయిపోయింది కదా మేడమ్," అంది అమ్మ.

"బడి అయిపోతే సదువు కూడా అయిపోయినట్లేనా? రేపట్నుంచి నాతో పంపు."

డిగ్రీ అయి ఖాళీగా ఉన్నానని అమ్మ నన్నూ తోడు పంపింది. టీచర్ వాడికి పలక పట్టించలేదు. నేరుగా బస్టాండుకు తీసుకుపోయి, వచ్చిన బస్సు బోర్డు చూపించి గోపిని చదవమన్నారు. వాడు నోరు తెరిచేలోపే నేను "కల్యాణదుర్గం రా" అన్నాను. టీచర్ నా వైపు తిరిగారు. "నీకు వచ్చని మాకు తెలుసులేమ్మా. వాన్ని చెప్పనీ." ఆ బస్సు పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఎండ నడినెత్తికి వచ్చాక గోపి పెదవులు కదిలాయి. "క... కల్యా..." అన్నాడు.

అలా నెలల తరబడి ముగ్గురం ఆ బస్సుల్లో తిరిగాం. బోర్డులు చదవడం, టికెట్ అడగడం, దిగాల్సిన చోట లేవడం గోపికి వచ్చేశాయి. అప్పుడు టీచర్, ఇక వాడు ఒంటరిగా పోయి రావాలన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

"తప్పిపోతే ఎవురు తెచ్చిస్తారు మేడమ్?"

"నాకూ బయ్యంగానే ఉండాది. కానీ మనం పోయినాక వీన్ని ఎవురు తోడ్కపోతారు, చెప్పు?"

అమ్మ లోపలికి వెళ్లి గోపి పండగ చొక్కా తెచ్చింది.

వాడు కల్యాణదుర్గం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, మా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం రావలసిన బస్సు రాలేదు. అమ్మ బస్టాండు దుమ్ములోనే చతికిలబడింది. టీచర్ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. చివరికి ఒక బస్సు వచ్చి ఆగితే, అందరికంటే వెనక, తాపీగా దిగాడు గోపి. చేతిలో అమ్మకోసం మల్లెపూల పొట్లం.

"ఎందుకురా ఇంత ఆలస్యం?" అన్నాను.

"మన బస్సు నిలబడే చోట వేరే బస్సు నిలబడింది. అందరూ ఎక్కినారు. నేను బోర్డు చదివినా. కుందుర్పి అని ఉండాది. ఎక్కలే."

"మళ్ల?"

"కంబదూరు బస్సు వచ్చేదాకా నిలబడినా. రేపు అనంతపురం పోతా అక్కా."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. అంత పెద్దమనిషి టీచర్, జనమంతా చూస్తుండగా చప్పట్లు కొట్టారు. నాకు గంతులు వేయాలనిపించింది. నేను చేయాల్సిన పని ఏమిటో ఆ క్షణంలోనే తెలిసింది.

టీచర్ ఇప్పుడు లేరు. కల్యాణదుర్గంలో ఒక అద్దె గదిలో, గోపిలాగా బడి దాటిపోయినవాళ్లకు నేను పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక తండ్రి ముప్పై దాటిన కూతురిని తీసుకొచ్చి, "ఈ వయసులో దీనికింకేం వస్తాదమ్మా?" అని అడిగాడు. నాలో టీచర్ రగిల్చిన ఆత్రం ఈనాటికీ చల్లారలేదు.

"నాకూ తెలీదన్నా," అన్నాను. "ఏం వస్తాదో చూద్దామనే రోజూ ఈడికి వస్తాండా."